బొమ్మ రైలు అనవచ్చునా?



చిన్న పట్టాల మీద చిన్న ఇంజను కనబడితే చాలు, 'బొమ్మ రైలు' అనేస్తాము. పరిమాణము తగ్గితే ప్రయోజనమూ తగ్గినట్లేనని మన భావన. ఇది సరికాదని నా అభిప్రాయము.

ఇంగ్లండులోని డెర్బీషైరులో సర్ ఆర్థర్ హేవుడ్ అనే సంపన్నుడు 1874లో డఫీల్డ్ బ్యాంక్ అనే తన ఎస్టేటులో 15 అంగుళాల గేజి రైలుమార్గము ఆరంభించారు. పట్టాల నడుమ మూరెడు దూరమైనా లేదు. ఇంజనులను తన కార్ఖానాలోనే చేయించారు. సొరంగములు, భోజనపు పెట్టె, పడకల పెట్టె సైతము ఏర్పరచారు. ఎస్టేటు పనులకూ, సైన్యమునకూ ఎంత సన్నని మార్గము సరిపోవునో నిరూపించుటే ఆయన సంకల్పము. 1881లో ఈ విషయముపై గ్రంథము కూడ ప్రకటించారు.

సైన్యము ఆ పద్ధతిని స్వీకరించలేదు. వెస్ట్‌మినిస్టర్ డ్యూక్ మాత్రము 1896లో బాల్డర్టన్ స్టేషను నుండి తన ఈటన్ హాలు వరకు, సుమారు 3 మైళ్లు, ఇటువంటి మార్గమే వేయించుకొన్నారు. బొగ్గు, ఇటుకలు, కలప దాదాపు అర్ధశతాబ్దము దానిపై నడిచినవి. దీనిని బొమ్మ అనుట న్యాయమా?

అయినను ఆ రెండు మార్గములూ నేడు లేవు. 1916లో హేవుడ్ మరణించిన పిదప మొదటిది పోయినది. రెండవ ప్రపంచ యుద్ధానంతరము రెండవది పోయినది. లారీలు వచ్చిన మాట నిజమే. కాని అసలు కారణము వేరని నాకు తోచుచున్నది. ఆ బండి ఒక్క ఇంటి కొరకే నడిచినది. అది ఆగిన నాడు ఎందుకు ఆగినదని అడుగుటకు ఊరు లేదు.

మన నౌపడ నుండి పర్లాకిమిడికి 1900లో నడిచిన చిన్న రైలు కూడ ఒక రాజావారు వేయించినదే. అయితే అందులో జనము ఎక్కారు. అందుచేతనే 2004లో చిన్న బండి ఆగినను, అదే దారిలో బ్రాడ్ గేజి వచ్చినది.

హేవుడ్ 1894లో నిర్మించిన 'మ్యూరియల్' ఇంజను కథయూ ఇంతే. 1927లో 'రివర్ అర్ట్' అను పేరుతో మార్పు చెంది, కంబ్రియాలోని రావెన్‌గ్లాస్ రైలుమార్గమున టిక్కెట్టు కొన్న ప్రతివారినీ మోయుచున్నది. కట్టినవాని ఎస్టేటు రైలు పోయినా, ఇంజను మిగిలినది.

కావున చిన్న రైలును చూచినపుడు దాని కొలత అడుగవద్దు. ఎవరి కొరకు నడచుచున్నదో అడుగుదము. విజ్ఞులు తమ అభిప్రాయము తెలుపగలరు.