తాళపుచెవి యెవరి చేత నున్నది?

2025 జూలై 18వ తేదీన ఐరోపా సమాజమువారు రష్యాపై విధించిన పదునెనిమిదవ విడత ఆంక్షలలో మన గుజరాతునందలి వాడినారు నూనెశుద్ధి కర్మాగారమును నడుపు నయారా ఎనర్జీ సంస్థ పేరు చేరెను. ఏటికి రెండుకోట్ల టన్నుల ముడినూనెను శుద్ధిచేయగల కర్మాగారమది. రష్యా దేశపు రోస్‌నెఫ్ట్ కంపెనీకి ఆ సంస్థయందు సగమునకు కొంచెము తక్కువగా వాటా గలదు. ఆంక్ష విధించినది ఐరోపా, కర్మాగారమున్నది భారతభూమి. ఏకపక్షముగా విధించు నిట్టి ఆంక్షలను తాము పాటింపమని మన ప్రభుత్వమువారు స్పష్టముగా ప్రకటించిరి. అయినను కొలదిదినములలోనే అమెరికా కంపెనీయగు మైక్రోసాఫ్టు ఆ సంస్థకు తన సేవలను నిలిపివేసెను. ఉద్యోగుల ఈమెయిళ్లు మూతపడెను. తాము పూర్తి మూల్యము చెల్లించి కొన్న లైసెన్సులివి యని మొఱపెట్టుకొని నయారావారు ఢిల్లీ హైకోర్టు నాశ్రయించిరి. జూలై 30 నాటికి, విచారణ సాగకముందే, సేవలు మరల నారంభమయ్యెను. ఒకరి దేశపు ఆంక్షను మఱియొక దేశపు కంపెనీ మన గడ్డమీద నమలుపఱుపవచ్చునా యను విషయమై కోర్టువారు తీర్పు చెప్పు నవసరము అంతటితో తొలగిపోయెను.

ఈ వృత్తాంతమును నేడు జ్ఞప్తికి దెచ్చుటకు కారణము గలదు. మన కళాశాలలు, సహకార బ్యాంకులు, ఆసుపత్రులు, చిన్న కర్మాగారములు తమ లెక్కలను, జీతముల పట్టీలను, రికార్డులను క్లౌడు అప్లికేషన్లలోనికి మార్చుకొనుచున్నవి. ఒక్కొక్క యుద్యోగి తలమీద పదేసి పాస్‌వర్డుల బరువు పడుచున్నది. ఆ పీడను బాపుటకై సింగిల్ సైన్ ఆన్ అను ఏర్పాటును, అనగా ఒక్క లాగిన్‌తో అన్ని అప్లికేషన్లలోనికి ప్రవేశించు పద్ధతిని, పలువురు నెలకొల్పుచున్నారు. నయారావారికి ఆగినవి ముఖ్యముగా ఉత్తరములు, సంభాషణములు. తన సమస్త ద్వారముల తాళపుచెవులను ఒక్క గుత్తిగా గ్రుచ్చి పరుల యింటిగోడకు వ్రేలాడదీసిన సంస్థకు అట్టి దినము వచ్చినచో గతి యేమి?

మేమీ పద్ధతికి విరోధులము గాము. దీనిని నెలకొల్పుకొనని సంస్థలే యధిక ప్రమాదములో నున్నవని మా యభిప్రాయము. మా న్యాయవాదవృత్తిలో నెఱిగిన సంగతి యొకటి చెప్పెదము. ఒక సంస్థలో గుమాస్తా యొకడు పని మాని వెళ్లెను. జీతము నిలిపిరి, ఈమెయిలు మూసిరి, బిల్లుల అప్లికేషనులో నతని ఖాతాను మూయవలెనని యెవ్వరికిని తోచలేదు. ఎనిమిది నెలల పిదప తగవు పుట్టి కాగితములు మా బల్లమీదికి వచ్చునప్పటికి ఆ లాగిన్ సజీవముగనే యుండెను. దుర్వినియోగము జరిగినదనుట నిశ్చయము. చేసినవాడెవడో ఋజువు చేయుట యసాధ్యము, ఏలయన ఆ పాస్‌వర్డు మఱి ముగ్గురికి తెలియును! గుర్తింపు అంతయు నొక్కచోట నుండి, అప్లికేషన్లలోని పాత పాస్‌వర్డులనుగూడ రద్దుచేసియుండినచో, ఆ గుమాస్తా పేరు నొక్క జాబితాలో కొట్టివేయుటతోనే ద్వారములన్నియు నతనికి మూతపడియుండెడివి.

న్యాయస్థానములలో సర్టిఫైడు నకలు చెల్లుబాటగు విధమును ఎఱిగినవారికి ఈ యంత్రాంగము సులభముగా బోధపడును. అసలు రికార్డును పిలిపింపకయే, ముద్రను, సంతకమును చూచి కోర్టువారు నకలును స్వీకరింతురు. అట్లే ఉద్యోగి అప్లికేషను తలుపు తట్టగానే అది యతనిని గుర్తింపు సర్వరు కడకు పంపును. ఆ సర్వరు పాస్‌వర్డును, ఫోనులోని రెండవ ఋజువును పరీక్షించి, ఇతడు ఫలానావాడే యని సంతకముతోగూడిన పత్రమునిచ్చును. దానిని టోకెన్ అందురు; దాని యాయుస్సు స్వల్పము. అప్లికేషను తనకడ ముందుగానే యుంచుకొన్న సర్టిఫికెట్టుతో ఆ సంతకమును సరిచూచుకొని లోనికి రానిచ్చును. పాస్‌వర్డు అప్లికేషనువారికి చేరనే చేరదు. ఈ పత్రమెట్లుండవలెనో నిర్ణయించు ప్రమాణములు బహిరంగములు. 2005లో వెలువడిన ఎస్‌ఏఎంఎల్ 2.0 యొకటి, 2014లో వెలువడిన ఓపెన్ ఐడీ కనెక్ట్ మఱియొకటి. ఇవి యే యొక్క కంపెనీకిని సొత్తు గావు. ప్రమాణము అందఱిదియు గనుక గుర్తింపు సర్వరు ఎవరిదైనను కావచ్చును. మనదియు కావచ్చును. ఈ సంగతిని లైసెన్సు లమ్మవచ్చిన పెద్దమనుషులు తమంతట తాముగా చెప్పుట యరుదు.

పెద్ద కంపెనీ చేతిలో నుండుటయే క్షేమమని వాదించువారు గలరు. 2023లో దొంగలు మైక్రోసాఫ్టువారి సంతకపు కీని చేజిక్కించుకొని, కూటటోకెన్లను సృష్టించి, అమెరికా ప్రభుత్వశాఖలతో సహా ఇరువదికి పైగా సంస్థల ఈమెయిళ్లలో జొరబడిరి. అది నివారింపదగిన యుపద్రవమేయని ఆ దేశపు సైబర్ సేఫ్టీ రివ్యూ బోర్డే 2024లో తేల్చెను. 2020 డిసెంబరు 14న గూగుల్ గుర్తింపు వ్యవస్థ కుంటుపడగా జీమెయిలు, యూట్యూబు మొదలగునవి ముప్పావుగంటసేపు ప్రపంచమంతట స్తంభించెను.

అట్లని స్వదేశీ పేరుతో నాసిరకపు తాళమును తలుపునకు బిగించుకొనుమని మేము చెప్పము. కీక్లోక్ వంటి గుర్తింపు సర్వర్ల మూలప్రతి అందఱికిని బహిరంగముగ నున్నది. లైసెన్సు రుసుము లేదు. దానిని మన సర్వరుమీద మనమే నడుపుకొనవచ్చును. కాని దానికి ఎప్పటికప్పుడు భద్రతా సవరణలు చేయవలయును; సర్టిఫికెట్టు గడువు ముగియకముందే మార్చవలయును, లేనిచో నొక ప్రాతఃకాలమున సంస్థయంతయు వీథిలో నిలుచును. గడియారములు సరిగా నడచుచుండవలయును; సర్వరు కాలమునకును అప్లికేషను కాలమునకును కొద్ది నిమిషముల భేదమున్నను మంచి టోకెన్ సైతము త్రోసివేయబడును. ఈ పని తెలిసిన ఇద్దఱు మనుష్యులైనను లేని సంస్థ (ఒక్కడు చాలడు, అతడు సెలవులో నుండును) సొంత సర్వరు జోలికి పోకుండుటయే మంచిది. అట్టివారు సేవను కొనుక్కొందురు గాక. కాని డొమైను పేరు సంస్థ పేరననే నమోదై యుండవలెను, కంప్యూటర్లు అమ్మిన దుకాణదారుని పేరన గాదు. ఉద్యోగుల జాబితా నకలు ప్రతిమాసము సంస్థ చేతికి రావలెను. ఈ రెండును ఉన్నచో గుర్తింపు సర్వరును మార్చుట శ్రమయే గాని వినాశము గాదు.

ఇక విదేశీ కంపెనీల వ్యాపారరీతి యొకటి మాకు రోతగ నున్నది. సింగిల్ సైన్ ఆన్ సదుపాయమును పలు అప్లికేషన్లవారు అత్యధిక మూల్యపు తరగతిలో మాత్రమే యిచ్చుచున్నారు. పదిమంది పనిచేయు సంఘము భద్రముగా నుండగోరినచో నిండు సంస్థలు చెల్లించు ధరను తానును చెల్లింపవలెనట! దీనికి ఆ దేశములవారే సింగిల్ సైన్ ఆన్ పన్ను అని పేరిడిరి. 1930లో ఉప్పుమీది పన్ను నెదిరించిన జాతికి ఈ పన్ను స్వభావము వేఱుగ వివరింప నక్కఱలేదు. మన దేశమున అప్లికేషన్లు తయారుచేయు కంపెనీలైనను దీనిని అన్ని తరగతులకు నుచితముగ నిచ్చి పేరు దెచ్చుకొనవలెను. పౌరులకొఱకు ప్రభుత్వమువారు 2022లో మేరీ పహచాన్ అను పేర నొక్క లాగిన్ సదుపాయమును వెలువరించి యుండగా, వ్యాపారులకు సాధ్యము గాదనుట వింత.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టపు 8వ సెక్షనును సంస్థల కార్యదర్శులు చదువవలెను. దాని విధులు అంచెలంచెలుగ నమలులోనికి వచ్చునట్లు 2025 నవంబరులో నియమములు ప్రకటింపబడినవి. దత్తాంశమును పరులచేత నడిపించుకొన్నను, ఒప్పందములో నేమి వ్రాసికొన్నను, బాధ్యత సంస్థదే. రక్షణ లోపించి నష్టము జరిగినచో జరిమానా రెండువందల యేబది కోట్ల రూపాయలవఱకు పోవచ్చును. కనుక లైసెన్సులు పునరుద్ధరించు కాగితముమీద సంతకము చేయుటకు ముందు కార్యదర్శులు అమ్మకందారును అడుగవలసినవి గలవు: సేవ నిలుపదలచినచో నెన్నిదినముల నోటీసు నిచ్చెదరు? ఏ దేశపు న్యాయస్థానము ముందు జవాబు చెప్పెదరు? అంతవఱకు గుర్తింపు సర్వరుతో నిమిత్తము లేకుండ తెఱచుకొను రెండు అత్యవసర ఖాతాలను ప్రతి ముఖ్య అప్లికేషనులోను ఏర్పఱచి, వాని పాస్‌వర్డులను లక్కముద్ర వేసిన కవరులో నుంచి బ్యాంకు లాకరులో భద్రపఱచి, మూడు నెలలకొకసారి తెఱచి పరీక్షించి, ఆ పరీక్ష ఫలితమును కార్యవర్గపు మినిట్సు పుస్తకములో నెక్కింపవలెను.