జూట్ సంచి లోపలి ప్లాస్టిక్ పొర: ‘పర్యావరణహితం’ అని రాసేముందు

మొన్న మలంచా బజారులో ఒక జూట్ సంచి కొన్నాను. పైన పచ్చని ఆకు బొమ్మ. ఇంటికొచ్చి లోపల చెయ్యి పెడితే నున్నటి ప్లాస్టిక్ పొర తగిలింది. అదే రాత్రి జీఎస్-3 జవాబు చివర, వే ఫార్వర్డ్ కింద, “సహజ నార కాంపోజిట్లు పర్యావరణహితం” అని నేనూ రాసేశాను. తర్వాత సిగ్గేసింది. మిత్రులారా, మనలో చాలామంది ఇలాగే రాస్తున్నాం.

ముందు విషయం చూద్దాం. జనపనారలో సెల్యులోజు ఎక్కువ. నీటిని పీల్చుకుంటుంది, ఉబ్బుతుంది, కుళ్లుతుంది. నీటిని దగ్గరికి రానివ్వని పాలిమర్లు దానికి సరిగా అతుక్కోవు. అందుకే నారబట్టను కాస్టిక్ సోడాతో శుద్ధిచేసి, రెజిన్ పట్టించి, ఒత్తిడి పెట్టి పలకలుగా చేస్తారు. లాభం ఉంది: గాజు నార ఘన సెంటీమీటరుకు సుమారు 2.5 గ్రాములు, జనపనార దాదాపు 1.5 మాత్రమే. తలుపులకు, కార్ల లోపలి పలకలకు పనికొస్తుంది.

మరి ఆ రెజిన్ సంగతేమిటి? ఎపాక్సీ ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు, మట్టిలోనూ కలవదు. పీఎల్ఏ మొక్కల నుంచి వచ్చేదే అయినా, త్వరగా కుళ్లాలంటే 58 డిగ్రీల సెల్సియస్ దగ్గర నడిచే పారిశ్రామిక కంపోస్టు కావాలి. మన వీధి చెత్తకుప్పలో అంత వేడి ఎక్కడిది?

“పూత లేకపోతే జూట్ నిలవదు, రైతుకే నష్టం” అంటారు. ఏళ్ల తరబడి వాడే తలుపుకైతే పూత వేయండి, ఒప్పుకుంటాను. నాలుగు నెలల్లో పారేసే సంచికి ఎందుకు? ఖరగ్‌పూర్ తెలుగువాళ్లలో చాలామంది పెద్దలు రైల్వే పనికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లే. అది గోగునార పండే నేల. ఆ పక్కనే చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడింది. ఆ రైతు, ఆ కార్మికుడి పేరు చెప్పి ప్లాస్టిక్ అమ్మితే వాళ్లకు ఒరిగేదేమీ లేదు. పైగా మోసం బయటపడ్డాక జనం అసలు గోనె సంచినీ నమ్మరు.

తప్పుదారి పట్టించే పర్యావరణ ప్రకటనలపై కేంద్రం 2024 అక్టోబరులో మార్గదర్శకాలు తెచ్చింది. ‘ఎకో ఫ్రెండ్లీ’ అన్నవాళ్లు ఆధారం చూపాలి. మన జవాబుకూ అదే కొలత పెట్టుకుందాం: ఏ నార, ఏ పూత, ఎంత శాతం, వాడాక ఎక్కడికి? ఈ నాలుగూ చెప్పకుండా ‘పర్యావరణహితం’ అని రాస్తే, ఆ సంచి మీద ఆకు బొమ్మ వేసినవాడికీ మనకూ తేడా లేదు.