విశేషణాల సబ్బు



వ్యాకరణం చెప్పి బ్రతికినవాణ్ణి కనుక సబ్బుబిళ్ళ అట్టను సైతం ఆ దృష్టితోనే చదువుతాను. మా కంచరపాలెంలో తెలిసినవారి ఇళ్ళలో ఇప్పుడు చేతితో చేసిన ఆలివ్ నూనె సబ్బులు కనబడుతున్నాయి. అట్టల మీద ‘సహజం’, ‘స్వచ్ఛం’, ‘రసాయనరహితం’ అని మూడు విశేషణాలు. మరి విశేష్యమేదీ?

సబ్బు పుట్టుక అందరికీ తెలియవలసినదే. నూనెకు క్షారం కలిస్తే సబ్బు, గ్లిసరిన్ ఏర్పడతాయి. 100 గ్రాముల ఆలివ్ నూనె పూర్తిగా సబ్బుగా మారడానికి సుమారు 13.5 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. కొలత సరిగా ఉండి, బిళ్ళలను నాలుగైదు వారాలు ఆరనిస్తే ఆ సోడా సబ్బులో మిగలదు. అంతేకాని, సోడా లేకుండా నూనె సబ్బు కాదు. రసాయనరహితమైన సబ్బు అంటే గగనకుసుమమే!

ఇది కేవలం పదాల తగవు కాదు. ‘అంతా సహజమే’ అని నమ్మిన ఇల్లాలు పసిపిల్లలు తిరిగే వంటింట్లో ఈ పని మొదలుపెడితే? కాస్టిక్ సోడా చర్మాన్ని కాలుస్తుంది, కంటిచూపును తీసివేయగలదు. దాని పేరు దాచడం అలంకారం కాదు, అపాయం.

పూర్వులకు ఈ దాపరికం లేదు. మన రజకులు చవుడుమట్టితో బట్టలు ఉడకబెట్టారు; అదీ క్షారమే. ఆలివ్ సబ్బుకు పుట్టినిళ్ళైన అలెప్పో, నాబ్లస్ నగరాలలోనూ క్షారంతోనే కాస్తారు. ఆ రెండు విద్యలనూ యునెస్కో 2024లో వారసత్వ సంపదగా గుర్తించింది.

ఇక సహజమైనదల్లా సాధువు అనుకోవడం మరొక భ్రమ. కుంకుడురసం కంట్లో పడి ఏడవని బాల్యం మనలో ఎవరిది? అయినా ఏ సోడా అక్కరలేకుండా నురుగునిచ్చేది ఆ కాయే. సంస్కృతం దానిని ‘ఫేనిలం’ అన్నది, అంటే నురుగు గలది. పాశ్చాత్యులు ఆ చెట్టుకు పెట్టిన ‘సపిండస్’ అన్న పేరుకు భారతీయ సబ్బు అని అర్థం. 1956లో ఏర్పడి, మన విశాఖ కేంద్రంగా నడుస్తున్న గిరిజన సహకార సంస్థ ఆ కాయలనూ శీకాయనూ గిరిజనుల వద్ద కొని అమ్ముతోంది. కొబ్బరినూనె సబ్బు ఉప్పునీటిలోనూ నురుగిస్తుంది. ఆలివ్ సబ్బుకు మంచినీటిలోనే నురుగు తక్కువ. సముద్రతీరవాసులమైన మనకు ఏది తగినదో ఆలోచించండి. ఆలివ్ మీద నాకు ద్వేషం లేదు. దూరం నుండి వచ్చినంత మాత్రాన దానికి అగ్రతాంబూలం అక్కరలేదంటున్నాను.

కర్మాగారాల సబ్బుల అట్టల మీద కొవ్వుపదార్థపు శాతం అచ్చువేస్తారు. మొదటి తరగతి సబ్బుకు అది 76 శాతానికి తగ్గరాదని భారతీయ ప్రమాణం. మరి చేతిపనివారు అంతకన్న నిజాయితీగా ఉండవద్దా? ఏ నూనె ఎంత శాతం, ఏ క్షారంతో చేశారు, ఏనాడు పోతపోశారు అన్న మూడు సంగతులూ అట్ట మీద వ్రాస్తే చాలు. వారి శ్రమకు అంతకు మించిన ప్రకటన లేదు. విశేషణాలను వాడి చూసినవారే చేరుస్తారు.

మీ అభిప్రాయాలు వ్యాఖ్యలలో తెలుపగలరు.