పాస్‌వర్డు రాసుకుంటే కొంపలు మునిగిపోతాయా?

అమ్మ తన టాబ్లెట్ పాస్‌వర్డు మర్చిపోయింది. "అదెంత పని, రీసెట్ కొట్టెయ్" అన్నాడు మావాడొకడు, బీరువా తాళంచెవి పోతే కొత్తది చేయించినంత తేలిగ్గా. బాబూ, ఇక్కడ తాళంతోపాటు లోపలి సామానూ పోతుంది! ఫైళ్ళని ఎన్‌క్రిప్ట్ చేసిన కీ ఆ పాస్‌వర్డుతోనే ముడిపడి ఉంటుంది (2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి కొత్తవాటన్నిటికీ ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి). రీసెట్ కొడితే ఆ కీ కూడా చెరిగిపోతుంది.

వేరే దారిలేక బటన్లు నొక్కిపట్టి అదే చేశాను. వెంటనే పాత గూగుల్ ఖాతా అడిగింది. దొంగలకి పనికిరాకుండా 2015లో 5.1తో పెట్టిన కాపలా అది. ఖాతా తెరిచింది నేనే కాబట్టి గట్టెక్కాం. టాబ్లెట్ దక్కింది. నాన్న పోయేముందు అమ్మ తీసుకున్న వీడియోలు దక్కలేదు. బ్యాకప్ ఆన్ చెయ్యకుండా ఇచ్చిన ఘనుణ్ణీ నేనే.

తప్పు అమ్మది కాదు. మొదటిరోజే పంచాంగం వెనకాల రాసుకోబోతుంటే "అలా రాయకూడదమ్మా" అని క్లాసు పీకాను. ఆఫీసులో ఏడాదికోసారి నెక్స్ట్, నెక్స్ట్ నొక్కి నేర్చిన సెక్యూరిటీ జ్ఞానమంతా తెచ్చి వంటింట్లో ఒలకబోశానన్నమాట. మా ఇంట్లో దూరి పంచాంగం తిరగేసే హ్యాకరెవడండీ? పాస్‌వర్డు కాగితమ్మీద రాసి పర్సులో దాచుకోమని బ్రూస్ ష్నయర్ అంతటివాడు 2005లోనే చెప్పాడు. మనం మాత్రం అమ్మానాన్నల జ్ఞాపకశక్తికి పరీక్షలు పెడుతున్నాం.

కొత్త పాస్‌వర్డు పంచాంగం అట్టమీద ఉంది, పాల లెక్క పక్కనే.