హంద్రి పటములో ఎక్కడ?

నైలు నది పొడవెంతయని అడిగినచో తడుముకొనక చెప్పగల విద్యార్థి, తన ప్రాంతమున పారు హంద్రి ఎక్కడ పుట్టినదని అడిగినచో ఉపాధ్యాయుని ముఖము వంక చూచును. ఇందు బాలుని దోషము లేదు. మన భూగోళ పాఠము దూరదేశములలో ఆరంభమగును. అది దేవనకొండను చేరకమునుపే పరీక్షలు వచ్చును.

హంద్రి మద్దికెర పొలములలోని ఊటలయందు పుట్టి, పత్తికొండ, దేవనకొండ ప్రాంతముల మీదుగా ఉత్తరమునకు సాగి, గోనెగండ్ల సమీపమున గాజులదిన్నె జలాశయమును నింపి, కర్నూలు వద్ద తుంగభద్రలో కలియును. సంవత్సరములో పెక్కు నెలలు ఇసుక మాత్రమే కనబడు ఈ ఏటిని నదియనుటకే కొందరు సందేహింతురు. అయినను 2009 అక్టోబరు ఆరంభమున ఈ హంద్రియు తుంగభద్రయు ఏకమై కర్నూలు నగరమును ముంచివేసినవి. ఎగువ పొలములలో కురిసిన వాన దిగువ నగర వీధులలోనికి ఎట్లు వచ్చునో తెలిసికొనుట రెండు మార్కుల ప్రశ్న కాదు, ప్రాణములతో ముడిపడిన విషయము.

నేల సంగతియు ఇట్టిదే. నల్లరేగడి తేమను చాలకాలము పట్టియుంచును గనుక పత్తి పండినది; పత్తి పండినందున ఆదోనిలో మార్కెట్టు, జిన్నింగు మిల్లులు వెలసినవి. పత్తికాయతో మొదలిడిన పాఠము మగ్గము వద్దకు పోవలెను. ఆ మగ్గమునకై దూరము పోనక్కరలేదు: ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప పూనికతో 1938లోనే చేనేత సహకార సంఘము ఏర్పడినది. వాన తప్పిన యేట తల్లిదండ్రులు గుంటూరు సీమకు మిరపకోతలకు పోవుదురు. వారి వెంట బాలుడును పోవును, తరగతిలో అతని చోటు ఖాళీయగును. వర్షపాత పాఠము ఆ ఖాళీ చోటును గూర్చి మౌనము వహించినచో అది ఎవరి పాఠము?

ఇట్లు చేసినచో బాలుర దృష్టి ఊరి పొలిమేరకే పరిమితమగునని కొందరందురు. ఎర్రగుడి చూచినవారు ఈ మాట అనజాలరు. 1929లో వెలుగులోనికి వచ్చిన అక్కడి అశోకుని శాసనములలో, ఒకదానియందు కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును సాగును, నాగలిచాలు తిరిగినట్లు. పిల్లలకు ఇంతకన్న వినోదము వేరేమి కావలయును? ఆ చక్రవర్తి శాసనములే కాందహారులో గ్రీకు భాషలో లభించినవి. తుగ్గలి సమీపపు రాతినుండి ఆసియా పటము నేరుగా తెరచుకొనును. ఆదోనిలో సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు బిజాపురమును చూపును. పత్తికొండయో, 1827 జూలై 6న అచ్చట విషూచితో మరణించిన థామస్ మన్రో మూలమున దత్తమండలముల చరిత్రను తెలుపును.

పాఠ్యప్రణాళికలో వ్యవధి లేదని ఉపాధ్యాయులు చెప్పుట అసత్యము కాదు. సంవత్సరమున ఒక్క ఉదయము చాలును. మద్దికెరనుండి కర్నూలు వరకు హంద్రిని గీసి, తన ఊరిని గుర్తించుమని ప్రతి విద్యార్థికిని చెప్పవలెను. కొలత తప్పినను దోషము లేదు. పెద్దవాన వచ్చిన యేట నీరు ఎంతవరకు ఎక్కెనో ఇంటి అవ్వనడిగి ఆ చోట ఒక చుక్క పెట్టుమనవలెను. ఆ చుక్క అచ్చు పటములలో దొరకదు.