మన సీటుకు ఒంగోలూ లోకలేనా?

శ్రీకూర్మం గుడి వీధిలో టీ కొట్టు దగ్గర ఓ తండ్రి మమ్మల్ని పట్టుకున్నాడు. కూతురు ఇంటర్ చదువుతోంది, డాక్టరు కావాలని కోరిక. ఇక్కడికి పట్టుమని పాతిక కిలోమీటర్లు లేదు శ్రీకాకుళం, అక్కడ సర్కారు మెడికల్ కాలేజీ ఉంది. లోకల్ కోటా 85 శాతం అని ఎవరో చెబితే ఆయనకు కొండంత ధైర్యమొచ్చింది. తర్వాత ఇంకెవరో అసలు సంగతి చెప్పారట. ‘మావు లోకల్ కాదేటి బావూ? ఒంగోలోలూ లోకలేనేటి?’ అన్నాడు.

మా దగ్గర జవాబుంది. చెప్పడానికే సిగ్గేసింది. అవును, ఒంగోలూ లోకలే.

1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాని వెంట రాజ్యాంగంలో 371డి అధికరణ, 1974లో విద్యాసంస్థల ప్రవేశాలపై రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. రాష్ట్రాన్ని ఉస్మానియా, ఆంధ్రా, శ్రీ వెంకటేశ్వర అని మూడు యూనివర్సిటీ ప్రాంతాలుగా కోసి, ఏ ప్రాంతం సీట్లలో 85 శాతం ఆ ప్రాంతం వాళ్లకే అన్నారు. వినడానికి ఎంత బాగుంది! కానీ ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం అంటే ఏది? ఇచ్ఛాపురం నుంచి ఒంగోలు దాకా. ఉమ్మడి జిల్లాల లెక్కన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, రెండు గోదావరులు, కృష్ణా, గుంటూరు, ప్రకాశం. ఎనిమిది జిల్లాలు ఒకే సంచిలో! గార మండలం పిల్లా, బెజవాడ కార్పొరేట్ హాస్టల్లో రెండేళ్లు రాత్రీపగలూ తోమించుకున్న పిల్లవాడూ కాగితం మీద ఇరుగుపొరుగు.

ఇంకో విచిత్రం చూడండి. 1975లో అదే ఆరు సూత్రాల కింద ఉద్యోగాలకు ఇంకో ఉత్తర్వు వచ్చింది. అందులో మనది ఒకటో జోన్. అప్పటి శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాలు, 1979లో వాటి నుంచే పుట్టిన విజయనగరం. గోదావరులూ కృష్ణా రెండో జోన్, గుంటూరు వైపు మూడో జోన్. అంటే ఉద్యోగం దగ్గర మన వెనకబాటు ఢిల్లీకి కనిపించింది. ఆ ఉద్యోగానికి కావలసిన చదువు దగ్గర కనిపించలేదు. డిగ్రీ లేనివాడికి జోన్ ఎందుకు, గోడకు తగిలించుకోవడానికా?

గుంటూరు పిల్లల మీద మాకు పగ లేదు. వాళ్లూ కష్టపడే చదువుతున్నారు. మా తగువు గీత గీసిన వాళ్లతో. 2011 జనాభా లెక్కల్లో పశ్చిమ గోదావరి అక్షరాస్యత 74 శాతం దాటింది. శ్రీకాకుళం 62 చేరలేదు, విజయనగరం 59 కూడా చేరలేదు. ఇంత తేడా ఉన్నవాళ్లను ఒకే గీత మీద నిలబెట్టి ‘ఊఁ, పరిగెత్తండి’ అనడం పోటీ అవుతుందా?

ఈ లోకల్ నిబంధనలో కూలి తల్లిదండ్రులకు తెలియని గొయ్యి ఇంకొకటి ఉంది. లోకల్ అనిపించుకోవాలంటే అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు వరసగా ఈ ప్రాంతంలోనే చదివి ఉండాలన్నది ముఖ్యమైన షరతు. మన జిల్లాల బతుకే వలస. చెన్నైలో ఇటుకలు మోసే తల్లి పిల్లవాణ్ని అక్కడే బడిలో వేసి ఆ నాలుగేళ్లు గడిపిందనుకోండి, తిరిగొచ్చాక వాడు తాత ముత్తాతల ఊళ్లోనే నాన్‌లోకల్ అయ్యే ప్రమాదం ఉంది. పొట్ట చేతపట్టుకు పోయినందుకు శిక్ష!

‘మీకూ యూనివర్సిటీలు ఇచ్చాం కదా’ అంటారు నాయకులు. ఇచ్చారు, ఎలా ఇచ్చారో చెప్పుకుందాం. ఎచ్చెర్లలో 1977లో ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటర్ పెట్టారు. అది అంబేద్కర్ యూనివర్సిటీ కావడానికి 2008 దాకా ఆగాలి, ముప్ఫై ఒక్క ఏళ్లు. గిరిజన విశ్వవిద్యాలయం 2014 విభజన చట్టంలో రాసిన మాట. పార్లమెంటు దాన్ని ఏర్పాటు చేసింది 2019లో. మెంటాడ మండలంలో శంకుస్థాపన 2023లో. ఈలోగా క్లాసులు విజయనగరంలోని పాత పీజీ సెంటర్ భవనాల్లో. శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లున్నాయి. వాటికి ఈ ఫైళ్లతో పోలిక పెడితే తాబేళ్లే నొచ్చుకుంటాయి.

2020 డిసెంబరులో జీవో 77 వచ్చింది. ప్రైవేటు కాలేజీలో పీజీ చదివేవాళ్లకు ఫీజు ఇవ్వం, ప్రభుత్వ యూనివర్సిటీకి పోండి అన్నారు. పోవడానికి మన దగ్గర యూనివర్సిటీలు ఎన్ని, వాటిలో పర్మినెంటు అధ్యాపకులు ఎందరు? గెస్టు ఫ్యాకల్టీ భుజాల మీద డిపార్టుమెంట్లు నెట్టుకొస్తూ, కట్టగలిగినవాడికే రెండో దారి ఉంచడాన్ని ఉన్నత విద్యా విధానం అనాలట.

ఎచ్చెర్లలో ఎంఏ సీటు కోసం గుంటూరు నుంచి ఎగబడి రారు, ఆ మాట మేమే ఒప్పుకుంటాం. గీత కోసేది మంచి సీటు దగ్గర. శ్రీకాకుళం మెడికల్ కాలేజీ, విశాఖలో 1923 నాటి ఆంధ్రా మెడికల్ కాలేజీ, ఏయూ ఇంజనీరింగ్. ఉద్దానంలో కిడ్నీలు పాడై మనుషులు రాలిపోతుంటే, సోంపేటలోనో కవిటిలోనో నిలబడి వైద్యం చేసే డాక్టరు ఎక్కడి నుంచి రావాలి? ఆ ఊళ్లలో పుట్టినవాళ్లే నిలబడతారని మా నమ్మకం.

‘371డి ముట్టుకోలేం, రాష్ట్రపతి సంతకం కావాలి’ అనే ఉద్యోగ మిత్రులు కొందరున్నారు. అయ్యా, తెలంగాణలో 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు తెచ్చుకుని ఉద్యోగాలకు ఏడు జోన్లు గీసుకున్నారు. సంతకం అడిగినవాళ్లకు దొరికింది. 2025లో మన ప్రభుత్వమూ ప్రవేశాల నిబంధనలు తిరగరాసింది. తెలంగాణ వాళ్లకు 15 శాతంలో ఉన్న దారి మూసింది గానీ, మనల్ని ఒంగోలుతో కట్టేసిన ముడి మాత్రం విప్పలేదు. అంటే కలం చేతిలో ఉంది, మనం గుర్తుకు రాలేదు.

వెనకబాటును లెక్కలోకి తీసుకునే పద్ధతి కొత్తదీ కాదు. ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు మార్కులు కలుపుతున్నారు. బడికి కలిపినవాళ్లు జిల్లాకు కలపలేరా?

ప్రత్యేక రాష్ట్రం వస్తే ఇవన్నీ వాటంతటవే సర్దుకుంటాయని మనలోనే కొందరు చేతులు కట్టుకు కూర్చున్నారు. ఆ మాట శ్రీకూర్మం పిల్లకు చెప్పగలరా? రాష్ట్రం వచ్చేదాకా ఇంటర్ పూర్తి చేయకుండా ఆగమ్మా అందామా? ఒకటో జోన్ జిల్లాలనే చదువులకూ విడి లోకల్ ప్రాంతంగా గుర్తించాలి. వలస పిల్లల నాలుగేళ్ల షరతు ఎత్తేయాలి. ఈ రెండింటికీ ఢిల్లీకి ప్రతిపాదన పంపమని అసెంబ్లీలో తీర్మానం పెట్టించాలి.

మన ఎమ్మెల్యేలు పండగలకీ పెళ్లిళ్లకీ ఊళ్లకు వస్తూనే ఉంటారు. విద్యార్థి మిత్రులారా, ఈసారి వచ్చినప్పుడు దండ వేసేముందు ఆ తండ్రి అడిగిన మాట అడగండి. ఆయన యాసలోనే అడగండి.