మేక బొమ్మ గీసినోడికి ఎంత?

పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి వాళ్ళ జంతువుల బొమ్మ ఏదైనా వేలానికొస్తే కేటలాగులో ఏం రాస్తారో ఎప్పుడైనా చూశారా? బొమ్మేమో అరచెయ్యంత కాగితం మీద పెన్సిల్తో గీసిన ఓ సింహమో, గుర్రమో. దాని కింద ఇంత పొడుగు చరిత్ర. దెలాక్రవా గీసిందైతే చాలావాటికి మూలన 'ఇ.డి.' అని చిన్న ముద్ర ఉంటుంది. ఆయన 1863లో పోయాక, స్టూడియోలో మిగిలిన బొమ్మలన్నీ 1864లో పారిస్‌లో వేలం వేశారు. అప్పుడు కొట్టిన ముద్ర అది. ఆ తర్వాత ఎవరు కొన్నారు, ఎవరికమ్మారు, ఏ ఊళ్ళో, ఏ సంవత్సరంలో... నూటఅరవై ఏళ్ళ లెక్క. మన పహాణీలు కూడా అంత శుభ్రంగా ఉండవు :)

లెక్క బాగానే ఉంది. ఎవరి కోసం అన్నదే నా ప్రశ్న. కొనేవాడి కోసం, అమ్మేవాడి కోసం, మధ్యలో కమీషన్ తినేవాడి కోసం. గీసినవాడు ఆ లెక్కలో మొదటి లైను, అంతే.

అదే కాలంలో బారీ అని ఒకాయన ఉండేవాడు. దెలాక్రవాతో కలిసి పారిస్ జంతుశాలలో చచ్చిపోయిన సింహాన్ని కూడా వదలకుండా గీసిన మనిషి. జంతువుల శిల్పాలకి పెట్టింది పేరు. 1848లో దివాలా తీశాడు. ఆయన అచ్చులు, నమూనాలు కొన్నేళ్ళపాటు అప్పిచ్చినవాడి చేతిలోకి పోయాయి. పులి బారీది, పోత పోయించి అమ్ముకునే హక్కు ఇంకొకడిది.

ఇంకా ఘోరం మిల్లేది. ఆయన 'ఏంజెలస్' బొమ్మ మొదట దాదాపు వెయ్యి ఫ్రాంకులకి పోయింది. 1875లో ఆయన చనిపోయాడు. 1889 వేలంలో అదే బొమ్మ ధర 5,53,000 ఫ్రాంకులు! కుటుంబానికి దక్కింది సున్నా. ఇలాంటివి చూసీ చూసీ ఫ్రాన్సు వాళ్ళకి సిగ్గేసింది. 1920లో చట్టం తెచ్చారు. బొమ్మ చేతులు మారినప్పుడల్లా గీసినవాడికో వారసులకో ఇంత వాటా అని. తర్వాత 2001లో యూరప్ మొత్తానికీ నియమం చేశారు. 2006 నుంచి బ్రిటన్‌లోనూ అమలైంది. అక్కడ 4 శాతంతో మొదలై, ధర పెరిగేకొద్దీ పావు శాతం దాకా దిగుతుంది, మొత్తం 12,500 పౌండ్లు దాటదు. దానికే లండన్‌లో వేలాలు ఆగిపోలేదు, దుకాణాలు మూతపడలేదు.

ఇదంతా మనకెందుకంటారా? మనకీ మేకలున్నాయి కాబట్టి.

మెదక్ జిల్లా నిజాంపూర్లో పుట్టిన లక్ష్మాగౌడ్ గారి మేకలు తెలియనివాళ్ళుంటే ఒకసారి వెతికి చూడండి. సన్నటి గీత, ముతక ఊరు, మనిషిలా చూసే మేక. 2016లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన డ్రాయింగులు, ఎచింగులు ముంబయి వేలాల్లోనూ, బయటి దేశాల వేలాల్లోనూ వస్తూనే ఉంటాయి. ఆయన సొంత జమాఖర్చుల జోలికి నేను పోను. ఆయన తర్వాత హైదరాబాద్‌లో గీస్తున్న వందలమంది గురించి అడుగుతున్నా. ఇవాళ అద్దె కట్టడానికి పదివేలకి అమ్మిన బొమ్మ పాతికేళ్ళ తర్వాత పదిలక్షలైతే వాళ్ళకి ఎంత?

చట్టం మనకీ ఉంది మహాశయా! కాపీరైట్ చట్టంలో 53-ఎ సెక్షన్. 1994 సవరణలో చేర్చారు. పదివేల రూపాయలు దాటి తిరగమ్మితే చిత్రకారుడికి వాటా ఉంది. ఎంత? 10 శాతం దాటకూడదని మాత్రం రాశారు. అసలు అంకె బోర్డు తేలుస్తుందన్నారు. ఆ కాపీరైట్ బోర్డు పని 2017లో ఇంకో ట్రైబ్యునల్‌కి వెళ్ళింది. 2021లో ఆ ట్రైబ్యునల్నీ ఎత్తేసి కమర్షియల్ కోర్టుల మీద పడేశారు. అంటే మేక బొమ్మకి వాటా కావాలంటే గీసినోడు లాయర్ని పెట్టుకుని కోర్టు మెట్లెక్కాలి.

దానికన్నా పెద్ద బగ్ ఇంకొకటుంది. బొమ్మ అమ్ముడైన సంగతి గీసినవాడికి చెప్పాల్సిన బాధ్యత ఆ సెక్షన్ ఎవరి మీదా పెట్టలేదు. బ్రిటన్‌లో అమ్మేవాడితో పాటు వేలం కంపెనీ కూడా వాటాకి జవాబుదారీ. సమాచారం అడిగితే ఇచ్చి తీరాలి. మనదగ్గర ఫంక్షన్ రాశారు, దాన్ని పిలిచే లైను రాయలేదు. మా ఆఫీసులో ఇలాంటి కోడ్ రాస్తే రివ్యూలోనే తన్ని పంపిస్తారు.

మా టీంలో ఒకన్నతో ఈ మాటంటే నవ్వాడు. "మీ బస్తీ వాళ్ళు ఆర్ట్స్ కాలేజీకి రాళ్ళు కొట్టారంటావు కదా, కూలి తీసుకున్నారు, వెళ్ళిపోయారు. వాళ్ళకి వాటా ఉందా?" అన్నాడు. మాది మాణికేశ్వర్ నగర్. వడ్డెర బస్తీ అంటే తార్నాకలో ఆటోవాళ్ళకి ఇంకా త్వరగా అర్థమవుతుంది. ప్రశ్న మంచిదే. కానీ 1939లో పూర్తయిన ఆ బిల్డింగుని ఎవరూ పాతికేళ్ళకోసారి పదింతల ధరకి తిరగమ్మట్లేదు. అమ్మిన రోజున వాటా అడిగేవాళ్ళ లైన్లో ముందు నేనే ఉంటా. ప్లాను గీసిన జాస్పర్ పేరు పుస్తకాల్లో ఉంది, రాయి చెక్కినవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయి? ఒక అన్యాయాన్ని చూపించి ఇంకో అన్యాయాన్ని సమర్థించడం ఏం లాజిక్కు?

పైగా అదే అన్న మొన్నటిదాకా పని చేసిన స్టార్టప్‌లో షేర్లు తీసుకున్నాడు. జీతం తీసుకున్నాక కూడా! కంపెనీ పెరగడంలో తన కష్టం ఉందని కదా? చిత్రకారుడి పాత బొమ్మ ధర కూడా ఊరికే పెరగదు. ఆ తర్వాత ముప్ఫయ్యేళ్ళు వాడు గీస్తూ ఉండబట్టే పెరుగుతుంది. రచయితకి కాపీకింత రాయల్టీ వస్తుంది. 2012 సవరణతో సినిమా పాటల కవులకీ, సంగీత దర్శకులకీ రాయల్టీ హక్కు గట్టిపడింది. చిత్రకారుడికి ఉండేది ఒకే ఒక్క కాపీ.

చెయ్యాల్సింది కూడా పెద్దగా ఏం లేదు. శాతం ఎంతో చట్టంలోనే రాసెయ్యండి, మూడో నాలుగో. వేలం కంపెనీయే కోసి కట్టాలి అనండి. కొన్నవాడి దగ్గర తమ ప్రీమియం పైసాతో సహా లెక్కేసి వసూలు చేసే సాఫ్ట్‌వేర్ వాళ్ళ దగ్గర ఆల్రెడీ ఉంది. అదే బిల్లులో ఇంకో వరస, అంతే. కావాలంటే నేను రాసిస్తా, ఫ్రీగా.